ఏ కంటికి ఏ చుక్క

పెరంబూరు వంతెన దిగాక మూడో సందులో
నా మిషనుకి ముప్పైరెండేళ్లు.
జాకెట్టు చంకలో పావంగుళం తేడా ఉంటే
తడిమి చెప్పేస్తాను.
ఆ నేనే
ఎప్పుడూ ఎడమ పక్కనుండే కత్తెర కోసం
ఇల్లంతా వెతికాను.

నొప్పి లేదు. నీరు కారడం లేదు.
జబ్బన్నాక కాస్త చప్పుడు చెయ్యాలి కదా!
ఇది పొరుగింటి పిల్లిలా వచ్చి
అంచుల నుంచి నాకుతూ పోయింది.

ఆస్పత్రిలో తెల్లటి గిన్నెలో తల పెట్టించారు.
చుక్క వెలిగితే మీట నొక్కాలి.
చుక్క. నొక్కాను. చుక్క. నొక్కాను.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
ఊరికే కూర్చుంటే బాగుండదని
రెండుసార్లు అబద్ధం నొక్కాను.
యంత్రం అదీ రాసుకుంది.
పట్టపగలు చుక్కలు కనపడితే కష్టకాలమంటారు,
కనపడకపోతే ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

కాగితం మీద ఎడమ కంటి మూల
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చోటులా నల్లగా ఉంది.
నీటికాసులట.
డాక్టరు మంగైయర్కరసి తమిళంలో చెప్పింది,
నేను నా మిషను భాషలో విన్నాను:
తెగిపోయిన గుడ్డ రాదు,
మిగిలిన ముక్క జాగ్రత్త.

ముందు ఒక్కో కంటికి ఒక్కో మందు,
ఏది పనిచేస్తుందో చూద్దామంది.

కుడిది అరవై రూపాయల సీసా.
పొద్దునొకటి, రాత్రొకటి.
మంట లేదు, మర్యాదస్తురాలు.
కానీ మేడ మెట్లెక్కుతుంటే
గుండె సర్కారాఫీసు గుమాస్తాలా
తీరిగ్గా కొట్టుకునేది.
పన్నెండో మెట్టు మీద కూర్చుని
నా ఊపిరి నన్నందుకునేదాకా ఆగేదాన్ని.

ఎడమది నాలుగొందల డెబ్బై.
అంటే రెండు జాకెట్లూ, ఒక ఫాల్సూ.
రాత్రి ఒక్కటే చుక్క. కాపురం ఫ్రిజ్‌లో,
పెరుగు ప్యాకెట్ పక్కన.
కన్ను ఎర్రబడేది, రెప్ప చుట్టూ నీడ.
మూడు నెలలకి ఆ కంటికి మాత్రం
రెప్పవెంట్రుకలు పెరిగాయి, ఒంపుగా,
పెళ్లినాడు కూడా లేనంత పొడుగ్గా.
కొలతలకొచ్చిన సెల్వి అడిగింది,
"ఒక్క కంటికే కాటుక పెట్టావేంటక్కా?"
యాభై ఎనిమిదేళ్లకి
సగం మొహం అందగత్తెనయ్యాను.

మధ్యలో ఇంకోటి కూడా రాసింది.
కంట్లో వేస్తే నాలుకంతా చేదు,
రసానికీ కాఫీకీ తేడా లేదు.
చెప్పకుండా మానేశాను.
చెప్పాల్సింది కంట్లో అంకె చెప్పేసింది.

రాత్రి తొమ్మిదిన్నరకి మా ఆయన అడుగుతాడు,
"చుక్కేసుకున్నావా?"
పాతికేళ్లు ఆ ప్రశ్న నేనాయన్నడిగాను,
తలుపు గడియ తీస్తూ, వేరే గొంతుతో.
ఆయన మానేసి ఆరేళ్లు.
వేళ్లలో వణుకు మాత్రం మానలేదు.
ఆ వణుకే సీసా పట్టుకుని నా మీదికి వంగుతుంది.
మొదటి చుక్క చెంప మీద.
రెండోది ముక్కు మీద.
పోయిందెంతో లెక్కేసుకుని
ఇద్దరం నవ్వాపుకుంటాం.
మూడోది పడుతుంది.
కంటి కొన అదిమిపట్టి అరవై లెక్కపెట్టాలి,
గొంతులోకి జారకుండా.
ఆయన ఇక్కడ తెలుగులో,
గోడ అవతల పిల్లాడు తమిళంలో ఎక్కాలు.

డిసెంబరు వానకి రెండ్రోజులు కరెంటు లేదు.
వీధిలో మోకాలి లోతు నీళ్లు.
పాలు విరిగాయి, పెరుగు పులిసింది.
సీసాని తడిగుడ్డలో చుట్టి
కుండ మూత మీద పెట్టి
రాత్రంతా లేచి లేచి తాకి చూశాడాయన,
పసిబిడ్డకి జ్వరం చూసినట్టు.

నిన్న మళ్లీ కొలిచారు.
కుడి ఇరవైరెండు. ఎడమ పదిహేను.
"ఏది నయం?" అంటే ఏం చెప్పను?
ఒకటి డబ్బు మిగిల్చి ఊపిరి తీసుకుంది,
ఒకటి కూలి తీసుకుని కాటుక పెట్టింది.
ఇక రెండు కళ్లకీ రాత్రి చుక్కే రాసింది.
"రెండూ సమానంగా పెరుగుతాయిలే" అన్నాడాయన.

సూదిలో దారం ఇప్పటికీ మొదటిసారే ఎక్కుతుంది.
నడిమధ్య ఏమీ తగ్గలేదు.
బతుకంతా అంచులు కుట్టినదానికి
అంచులే పోయాయి.

కత్తెర ఇప్పుడు కుడిపక్కన పెడుతున్నాను.
చెయ్యి మాత్రం
ఇంకా ఎడమకే పోతుంది.